మిర్చి కోల్డ్ స్టోరేజీలో నోడ్లకు ఛార్జింగు, హమాలీ ముఠాకు ఓపిక: ఎండలు ముదిరేలోపు ఏం మార్చాలి?

కల్లంగట్టు | ఏప్రిల్ 6, ఉదయం 7:12

గుంటూరు పక్కన మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఆరు గదులు, గదికి నాలుగు చొప్పున 24 వైర్‌లెస్ నోడ్లు. ఉష్ణోగ్రత, తేమ కొలిచి పంపుతాయి. గదుల్లో 6 నుంచి 8 డిగ్రీలు ఉంటుంది. మొదటి నాలుగు గదుల్లో ఈఎస్‌పీ32 (వైఫై చిప్) డెవలప్‌మెంట్ బోర్డులు, వైఫై, ఒక్కోదానికి 2600 ఎంఏహెచ్ 18650 సెల్ ఒకటి, పది నిమిషాలకోసారి రీడింగ్. పది రోజులకల్లా ఆగిపోతున్నాయి. ఐదు, ఆరు గదుల్లో లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) నోడ్లు. గది ఖాళీగా ఉన్నన్నాళ్ళూ బాగానే నడిచాయి, టిక్కీలు (మిర్చి బస్తాలు) పైదాకా పేర్చాక నెలకే సెల్ అడుగంటుతోంది. బయట ప్లాట్‌ఫారం మీద, కల్లం దగ్గర 8 సోలార్ నోడ్లు. వాటిలో మూడింటి సెల్స్ ఉబ్బాయి.

రెండో సంగతి మనుషులది. 20 మంది ముఠా, ఒక్కో టిక్కీ 40-45 కిలోలు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే వాలిపోతున్నారు. పై వరసల్లో సెల్స్ మార్చేది కూడా ఆ ముఠాలో కుర్రాడే, నిచ్చెనెక్కి. రెండు ప్రశ్నలూ ఒకేచోట అడుగుతున్నా. విడదీయమంటే విడదీస్తా.

వేదిక కాపలా | 7:30

విడదీయక్కర్లేదు. బ్రాండ్ల గొడవ మాత్రం వద్దు.

మల్టీమీటర్ | 8:05

వైఫై గదుల లెక్క ముందు చూద్దాం. డెవలప్‌మెంట్ బోర్డు నిద్రలో ఉన్నా పవర్ ఎల్‌ఈడీ, యూఎస్‌బీ చిప్, ఏఎంఎస్1117 రెగ్యులేటర్ మేలుకునే ఉంటాయి. వోల్టేజి తగ్గించే ఆ రెగ్యులేటరొక్కటే 5 ఎంఏ (మిల్లీ ఆంపియర్లు) దాకా తాగుతుంది. అన్నీ కలిపి 8 ఎంఏ అనుకోండి. రోజుకు 192 ఎంఏహెచ్. ఇక అసలు పని: లేచి, వైఫై పట్టుకుని, పంపి పడుకోడానికి 4 సెకన్లు, సగటున 100 ఎంఏ. ఒక్కసారికి 0.11 ఎంఏహెచ్, రోజుకు 144 సార్లు, మొత్తం 16. అంటే 208లో పనికి పోతున్నది 16, నిద్రలో పోతున్నది 192. సెల్‌లో వాడుకోదగ్గది 2100 అనుకుంటే సరిగ్గా పది రోజులు. సెల్ తప్పేం లేదు.

ఇంకోటి చూడండి. చచ్చిందని తీసిన సెల్‌ని మీటరుతో కొలవండి. చాలావాటిలో 3.7 వోల్టులు కనిపిస్తుంది. ఏఎంఎస్1117కి లోపలికొచ్చే వోల్టేజి బయటికిచ్చేదానికంటే వోల్టు పైన ఎక్కువ ఉండాలి. 3.3 ఇవ్వాలంటే 4.4 కావాలి, నిండు సెల్‌లోనే 4.2 ఉంటుంది. వైఫై రేడియో ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజి పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. చలిలో సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది కాబట్టి ఈ జబ్బు మీ గదుల్లో ఇంకా ముందే బయటపడుతుంది.

మార్చాల్సింది బోర్డు. ఉత్త మాడ్యూల్ తీసుకుని హెచ్‌టీ7833 రెగ్యులేటర్ వేయండి (500 ఎంఏ దాకా ఇస్తుంది, తాను తినేది 4 మైక్రో ఆంపియర్లు). దాని తమ్ముడు హెచ్‌టీ7333 అంగట్లో తేలిగ్గా దొరుకుతుంది కానీ 250 ఎంఏ మించి ఇవ్వలేదు, వైఫైకి చాలదు. 3.3 వోల్టుల కాలి పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. బ్యాటరీ కొలవడానికి రెండు 100కే రెసిస్టర్లు పెట్టారేమో చూడండి. అవి 21 మైక్రో ఆంపియర్లు ఇరవైనాలుగ్గంటలూ లాగుతాయి, మొత్తం నోడ్ నిద్ర ఖర్చుకంటే ఎక్కువ. రెండు 1 మెగా ఓమ్‌లు, మధ్యలో 100 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే 2కి దిగుతుంది.

ఆటోనగర్ షెడ్డు | 8:41

ఇంత తతంగం దేనికి గురూ. నాలుగు సెల్స్ పారలల్‌గా కట్టేస్తే నలభై రోజులు. 9900 ఎంఏహెచ్ సెల్స్ కూడా వస్తున్నాయిగా, చవగ్గా.

మల్టీమీటర్ | 8:58

18650 సైజులో 3500 చిల్లర దాటి ఉండదు. 9900 అని అచ్చేసినవన్నీ కాగితం మీది అంకెలే. తూకం వేసి చూడండి, మంచి సెల్ 45 గ్రాములకు అటూఇటూగా తూగుతుంది, ఇవి బాగా తేలికగా ఉంటాయి. పాత ల్యాప్‌టాప్ సెల్స్‌ని పారలల్ కట్టేటప్పుడు ఒకటి 4.1లో, ఇంకోటి 3.5లో ఉంటే మొదటిది రెండోదానిలోకి అదుపులేకుండా పారుతుంది. వేడెక్కుతుంది. ఎండు మిరపకాయల మధ్యన ఆ పని చెయ్యమాకండి. కడితే ఒకే బ్యాచి సెల్స్, అన్నీ 0.05 వోల్టు తేడాలో ఉన్నప్పుడే, ఒక్కోదానికి విడిగా ఫ్యూజు వేసి.

నిచ్చెన ఎక్కే పని తగ్గాలన్నది అసలు కోరిక కదా. పది నిమిషాలకోసారి చదవండి, కానీ పంపకండి. చిప్‌లో నిద్రలోనూ చెరగని మెమరీ ఉంది, ఆరు రీడింగులు అందులో దాచి గంటకోసారి పంపండి. 10 డిగ్రీలు దాటితే మాత్రం అప్పటికప్పుడే పంపేలా కోడు రాయండి. చదవడానికి రోజుకు అర ఎంఏహెచ్, పంపడానికి 2.7, నిద్రకు అర. మొత్తం 4 లోపే. అదే ఒక్క సెల్ ఏడాది పైన వస్తుంది. ఐపీ అడ్రసు స్థిరంగా పెట్టి, రౌటర్ ఛానెల్ నంబరు గుర్తు పెట్టుకునేలా చేస్తే 4 సెకన్లు కాస్తా ఒక సెకను దగ్గరికి వస్తాయి, అది మరింత లాభం.

బందరు కాలువ | 10:20

ఐదు, ఆరు గదుల సంగతి నేను చెప్తా. గది గోడలు పఫ్ (చలి నిలిపే నురగ) ప్యానెళ్ళు, రెండు వైపులా జీఐ (జింకు పూత ఇనుప) రేకు. అంటే రేడియో లెక్కన మూత పెట్టిన డబ్బా. ఖాళీ గదిలో తలుపు సందుల్లోంచి ఎలాగోలా బయటపడిన సిగ్నల్ టిక్కీలు నిండాక పడదు, మిరపలో ఉన్న తేమ మింగేస్తుంది. అప్పుడు లోరా నోడ్ ఏం చేస్తుందంటే, వినపడటం లేదని వేగపు మెట్లలో ఎస్‌ఎఫ్7 నుంచి బాగా నిదానమైన ఎస్‌ఎఫ్12 దాకా దిగిపోతుంది. అదే చిన్న సందేశం ఎస్‌ఎఫ్7లో 60 మిల్లీసెకన్లలో అయిపోయేది, ఎస్‌ఎఫ్12లో సెకనుంపావు దాటుతుంది. ఇరవై రెట్ల ఖర్చు. దానికితోడు రసీదు అడిగే పద్ధతి పెట్టి ఉంటే, రసీదు రాకపోతే మళ్ళీ మళ్ళీ అరుస్తుంది.

సెట్టింగుల్లో రసీదు తీసేయండి. ఎస్‌ఎఫ్9 దాటకుండా పగ్గం వేయండి. ఉష్ణోగ్రత రీడింగ్ ఒకటి పోతే పది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది, కొంప మునగదు. ఆ తర్వాత గేట్‌వే (నోడ్ల సందేశాలు అందుకునే పెట్టె) యాంటెన్నాను గది లోపలికి తెండి. ప్యానెల్‌కి 16 ఎంఎం రంధ్రం, కేబుల్ గ్లాండు, చుట్టూ పఫ్ నురగ, పైన సిలికాన్. రంధ్రం చుట్టూ సరిగ్గా మూయకపోతే బయటి తేమ లాక్కుని అక్కడ నీరు కారుతూనే ఉంటుంది. కేబుల్ దగ్గర పొదుపు పనికిరాదు: సన్న ఆర్‌జీ58 ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకు అర డెసిబెల్ తింటుంది, పది మీటర్లకు 5, అంటే మూడొంతుల్లో రెండొంతులు దార్లోనే పోయినట్టు. లావు ఎల్‌ఎంఆర్400 అయితే పదికీ కలిపి ఒకటింపావు. ఫ్రీక్వెన్సీ మన దేశానికి లైసెన్సు లేకుండా వాడుకోమన్న 865-868 మెగాహెర్ట్జ్‌లోనే ఉందో లేదో కూడా చూడండి. బయటి దేశాల కోడు యథాతథంగా ఎక్కించి, యాంటెన్నా ఒకదానికీ రేడియో ఇంకోదానికీ ఉండటం చాలాచోట్ల ఉంది.

కాలేజీ బెంచీ | 11:15

అసలు సెల్సే లేకుండా గాల్లోంచి ఛార్జ్ చేయలేమా సార్? ఛార్జర్ ఉన్న బండి నోడ్ల మధ్య తిరుగుతూ నింపుతుందని పరిశోధన పత్రాల్లో చదివాను.

బందరు కాలువ | 11:52

లెక్క వేసి చూడు బాబూ. ఈ బ్యాండులో మనకు అనుమతి ఉన్న గరిష్ఠ ప్రసారం 4 వాట్లు. తరంగం పొడవు 0.346 మీటర్లు. 5 మీటర్ల దూరంలో, మధ్యలో ఏ అడ్డూ లేకుండా, మామూలు యాంటెన్నాకు అందేది 0.12 మిల్లీవాట్. దాన్ని డీసీగా మార్చేసరికి మూడో వంతు మిగిలితే గొప్ప. 40 మైక్రోవాట్లు. పది మీటర్లకు వెళ్తే అందులో నాలుగో వంతు. నిద్ర ఖర్చుకు సరిపోతుందేమో, గంటకోసారి పంపడానికి సూపర్ కెపాసిటర్‌లో కూడబెట్టుకోవాలి. టిక్కీలు అడ్డొస్తే అదీ లేదు.

కాయిల్ నుంచి కాయిల్‌కి పంపే పద్ధతి వేరు. 2007లో ఎంఐటీ వాళ్ళు రెండు మీటర్ల దూరాన 60 వాట్ల బల్బు వెలిగించారు, సామర్థ్యం 40 శాతం చిల్లర. కానీ ఆ కాయిళ్ళు రెండడుగుల వెడల్పు. ఫోన్లకు వాడే క్యూఐ పద్ధతి ఒకట్రెండు సెంటీమీటర్లకే చెల్లు. తిరిగే బండి విషయం: బండి వెళ్ళే దారి గోదాములో ఎక్కడుంది? వరసల మధ్య మనిషే పక్కకు తిరిగి వెళ్తాడు. మనిషి వెళ్ళగలిగిన చోట సెల్ మార్చడం 30 సెకన్ల పని. వంతెనల లోపల, కాంక్రీటులో పూడ్చిన సెన్సర్లకు అయితే నీ ఆలోచన పనికొస్తుంది.

ఎండపలక | మధ్యాహ్నం 12:30

ఉబ్బిన మూడూ నల్ల పెట్టెల్లో ఉన్నవే అయ్యుంటాయి. లిథియం అయాన్ సెల్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు, మూసిన ప్లాస్టిక్ పెట్టె లోపల 60 దాటడానికి రోహిణి దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్ చాలు. ప్యానెల్ సరిగ్గా ఆ వేళకే ఎక్కువ కరెంటు ఇస్తుంది.

తెల్ల పెట్టె తీసుకోండి. ప్యానెల్‌ని పెట్టెకు అంటించకుండా 3 సెంటీమీటర్ల ఖాళీతో పైన గొడుగులా బిగించండి. సెల్‌ని పెట్టె అడుగున, ఉత్తరం వైపు గోడకు పెట్టండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌కి మారండి. వేడికి ఓర్చుకుంటాయి, పైగా 3.2 వోల్టుల సెల్ కాబట్టి ఈఎస్‌పీ32కి రెగ్యులేటర్ లేకుండా నేరుగా ఇచ్చుకోవచ్చు. జాగ్రత్త ఏంటంటే ఛార్జర్ కూడా మారాలి. మీ దగ్గరున్న టీపీ4056 బోర్డులు 4.2 వోల్టుల దాకా నెడతాయి, ఈ సెల్‌కి 3.6 దగ్గర ఆగాలి. టీపీ5000ని 3.6కి పెట్టుకోండి, లేదా సీఎన్3058. ఇంకో తిరకాసు: ఈ సెల్ నిండుగా ఉన్నా పావు వంతున్నా వోల్టేజి దాదాపు ఒకటే చూపిస్తుంది, దాన్ని బట్టి ఎంత మిగిలిందో చెప్పలేం. వాడిన మిల్లీఆంపియర్ గంటలు కోడులో లెక్కపెట్టుకోవాలి.

టీపీ4056నే ఉంచుకుంటామంటే దాని మీద 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, అంటే 1 ఆంపియర్ అడుగుతుంది. 6 వోల్టుల 1 వాట్ ప్యానెల్ ఇవ్వగలిగేది 170 ఎంఏ. మబ్బు పట్టగానే ప్యానెల్ వోల్టేజి కుప్పకూలి, చిప్ ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. ఆ రెసిస్టర్ తీసి 10 కిలో ఓమ్‌లది వేస్తే 130 ఎంఏకి దిగుతుంది, ప్యానెల్‌కి తగ్గ ఆకలి.

ప్యానెల్ పెద్దది కావాలా అని అడుగుతారు, అక్కర్లేదు. 1 వాట్, రోజుకు 4 గంటల గట్టి ఎండ, 60 శాతం సామర్థ్యం వేసుకున్నా 2.4 వాట్ అవర్లు. పాత వైఫై లెక్కనే, బోర్డు సరిచేశాక మీ నోడ్ తినేది 0.06. నలభై రెట్లుంది. వంపు 16-20 డిగ్రీలు, దక్షిణానికి. నలభై రెట్లనీ తినేసేది దుమ్ము. మిరప దుమ్ములో నూనె జిడ్డు ఉంటుంది, వానకు కడుక్కుపోదు. పదిహేను రోజులకోసారి గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, ఉదయం పూట. కాలిన ప్యానెల్ మీద చన్నీళ్ళు పొయ్యమాకండి.

కల్లంగట్టు | 1:10

కొలిచాను. చచ్చినవి అనుకున్న నాలుగు సెల్స్‌లో మూడు 3.68 నుంచి 3.74. మల్టీమీటర్ గారికి దండం. ముఠా సంగతి ఎవరన్నా అందుకోండి.

చల్లకుండ | 2:25

అందుకుంటా. మొదట కొలవండి, తర్వాత మాట్లాడుకుందాం. థర్మామీటరులో 42 అన్నది చాలదు. తడి బల్బు, నల్ల గ్లోబు, పొడి బల్బు మూడూ కలిపిన సూచీ కావాలి. ఎండలో దాని సూత్రం: తడి బల్బుకు 0.7, నల్ల గ్లోబుకు 0.2, గాలికి 0.1. మీ బయటి నోడ్లలో ఒకదానికి మూడు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లు తగిలించండి. ఒకటి ఉత్తగా నీడలో. ఒకటి 150 ఎంఎం నల్లరంగు రాగి గోళం లోపల. ఒకటి నూలు ఒత్తి చుట్టి, ఒత్తి కొన డిస్టిల్డ్ వాటర్ సీసాలో. ఒత్తి ఎండిందంటే తడి బల్బు కాస్తా పొడి బల్బయి సూచీ అబద్ధం చెప్తుంది, రోజూ పొద్దున్నే సీసా నింపే పని ఒకరికి అప్పజెప్పండి.

ఉదాహరణకు గాలి 42, నల్ల గ్లోబు 52, తడి బల్బు 28 అనుకోండి. 19.6, 10.4, 4.2 కలిపితే 34.2. ఎండకు అలవాటుపడిన మనిషి చేసే బరువు పనికి ఐఎస్ఓ 7243 (అంతర్జాతీయ ప్రమాణం) పెట్టిన హద్దు 26. పనీ విశ్రాంతీ కలిపి చూసే అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల పట్టికలో బరువు పనికి 27.5 దగ్గర గంటలో 30 నుంచి 45 నిమిషాలు, 29 దగ్గర 15 నుంచి 30, 30.5 దగ్గర 15 లోపు. 34కి ఆ పట్టికలో గడే లేదు. ఒంటిగంటకు మీ ముఠా వాలిపోవడం బద్ధకం కాదు, ఒంట్లో చేరిన వేడి బయటికి వెళ్ళే దారిలేక. తెల్లవారుజామున 5 నుంచి 10, సాయంత్రం 4:30 నుంచి 8:30. మధ్యాహ్నం ఎత్తుడు దింపుడు ఆపేయండి. లారీవాడు అరుస్తాడు, అరవనివ్వండి.

నీళ్ళు: పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు, 240 మిల్లీలీటర్లు. దాహం వేసే దాకా ఆగకూడదు. గంటకు లీటరున్నర మించి తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడుతుంది. 20 మందికి గంటకు లీటరు చొప్పున 9 గంటలు, 180 లీటర్లు. 20 లీటర్ల టిన్నులు తొమ్మిది. టిన్ను ఆఫీసు గదిలో కాదు, టిక్కీలు దించే చోటికి పది అడుగుల్లో ఉండాలి. అక్కడ లేని నీళ్ళు ఎవరూ తాగరు.

ఉప్పు: రెండు గంటలు దాటి చెమటోడిస్తే ఉత్త నీళ్ళు చాలవు. పావు లీటరు పెరుగు, ముప్పావు లీటరు నీళ్ళు, అర టీస్పూను ఉప్పు, కరివేపాకు, అల్లం ముక్క. ఈ మజ్జిగకు సాటి లేదు. కొబ్బరి బొండాంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మంచిదే కానీ ఉప్పుకు బదులు కాదు. బీపీ, కిడ్నీ మందులు వాడేవాళ్ళు ఉంటే ఉప్పు సంగతి డాక్టరునడిగే చెయ్యాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ 20.5 గ్రాములది నిండు లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో కాదు. గ్లాసులో కలిపితే చిక్కబడి కడుపు తిప్పుతుంది, విరేచనాలవుతాయి. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) ఆ పేరు పెట్టుకుని అమ్మే తీపి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట తీసేయమంది. పాత సరుకు అంటగడతారేమో చూసుకోండి.

తిండి: హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో బరువు పని చేసే మగవాడికి రోజుకు 3470 కిలోక్యాలరీలు, ఆడవాళ్ళకు 2720. టీ, బన్ను మీద బండి లాగితే పదకొండింటికే ఖాళీ. 5 గంటల షిఫ్టుకు ముందు చద్దన్నం పెరుగు ఉల్లిపాయ, ఎనిమిదింటికి ఇడ్లీ గానీ రాగి జావ గానీ. అసలు భోజనం 10:30కి, పని ఆపాక. నిండు కడుపుతో బరువెత్తిస్తే పొట్టకూ కండకూ రక్తం చాలదు.

కొత్తగా ముఠాలో చేరినవాడికి మొదటి రోజు 20 శాతం పనే, రోజుకు ఇంకో 20 పెంచుకుంటూ. పాతవాడే పండక్కి వెళ్ళి వారం తర్వాత వస్తే 50, 60, 80, 100.

తొడిమ | 3:40

చల్లకుండ గారూ, ఒకటి వదిలేశారు. టిక్కీకి ఇంతని కూలి ఇచ్చేచోట గంటలో అరగంట కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? విరామానికి డబ్బు కట్టాలి, లేదా ముఠాను పదీపదిగా చీల్చి ఒక జట్టు మోస్తుంటే ఇంకో జట్టు కూర్చునేలా, కూలి అందరికీ కలిపి పంచేలా మేస్త్రితో మాట్లాడాలి. లేకపోతే మీ పట్టిక గోడకు అతికించిన కాగితం.

తొడిమలు తీసే ఆడవాళ్ళ సంగతీ ఎవరూ అడగలేదు. ఘాటు తగలకుండా ముక్కూ మూతీ గుడ్డతో చుట్టుకుని షెడ్డులో ఎనిమిది గంటలు. నీళ్ళ టిన్ను పక్కనే ఉంటుంది, తాగరు. ఎందుకంటే మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తాళం ఉంటుంది. అది తెరవకుండా ఎన్ని మజ్జిగ గ్లాసులు ఇచ్చినా వృథా. చేతుల ఘాటు కడుక్కోడానికి సబ్బూ నీళ్ళూ దాని పక్కనే పెట్టాలి. ఆ చేతులతోనే గ్లాసు పట్టుకోవాలిగా మరి.

చల్లకుండ | 4:05

నిజం, తప్పు నాదే. తాళం ముందు తీయాలి.

ఇంకో రెండు. ఎవరన్నా తడబడి మాట్లాడినా, పొంతన లేకుండా ప్రవర్తించినా అది వడదెబ్బే అనుకోండి, చెమట పడుతున్నా సరే. నీడకు లాగి, చొక్కా విప్పి, బకెట్లతో నీళ్ళు గుమ్మరించి, ఫ్యాను పెట్టి, మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు. ఈలోపు ఒకరు 108కి ఫోన్. స్పృహ లేనివాడి నోట్లో ఏమీ పొయ్యకూడదు. పారాసెట్మాల్ పనికిరాదు.

చెమటతో తడిసిన చొక్కాతో 42 నుంచి 6 డిగ్రీల గదిలోకి నేరుగా పంపొద్దు. కండరాలు పట్టేస్తాయి. మధ్య గదిలో ఐదు నిమిషాలు, పొడి చొక్కా, పైన స్వెట్టర్.

మల్టీమీటర్ | 4:30

అదే సూత్రం నోడ్లకూ. 6 డిగ్రీల గదిలోంచి బోర్డు తీసి బయట మూత విప్పితే దాని మీద మంచులా నీరు పడుతుంది. వారంలో బోర్డు పిన్నులు పచ్చబడతాయి. గదిలోనే జిప్ సంచిలో వేసి మూసి, బయటికి తెచ్చి, అరగంట ఆగి విప్పండి. కొత్త బోర్డులకు సెన్సర్ ముఖం వదిలేసి మిగతాదంతా కన్ఫార్మల్ కోటింగ్ (తేమ పట్టని పూత) వేయండి.

సింగ్‌నగర్ మేడ | సాయంత్రం 6:15

గేట్‌వే ఊసు ఎవరూ ఎత్తలేదు. నోడ్లన్నీ బతికుండి గేట్‌వే పడుకుంటే ఏం లాభం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కరెంటు రోజుల తరబడి లేదు. రాస్‌ప్‌బెర్రీ పై మీద నడిచే గేట్‌వే 5 వాట్లు తింటుంది. 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ బ్యాటరీ అంటే 84 వాట్ అవర్లు, సగమే వాడుకోవాలి, ఎనిమిది గంటలు. మూడు రోజులు కావాలంటే 360 వాట్ అవర్లు. 12.8 వోల్టుల 40 ఏహెచ్ ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ 512, అందులో 80 శాతం 410. అది సరిపోతుంది. పెట్టె నేల మీద కాకుండా ఛాతీ ఎత్తుకు పైన బిగించండి.

కల్లంగట్టు | రాత్రి 8:50

రేపటికి: మరుగుదొడ్డి తాళం, టిన్నులు, మేస్త్రితో పదీపది జట్ల మాట. ఎల్లుండి రెండో గదిలో నాలుగు బోర్డులు మార్చి చూస్తా. ఒక సందేహం. ఊళ్ళో అందరూ చెప్తున్న లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్స్ గదుల్లో వాడొచ్చా? ఛార్జింగు గొడవే ఉండదంటున్నారు.

మల్టీమీటర్ | 9:20

లోరా గదుల్లో వాడొచ్చు, వైఫై గదుల్లో వద్దు. ఈఆర్14505 ఏఏ సైజుది, 3.6 వోల్టులు, 2400 నుంచి 2700 ఎంఏహెచ్, చలికి లొంగదు, ఏడాదికి ఒక శాతం చిల్లరే తనంతట తాను తగ్గుతుంది. కానీ పెద్ద కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేదు. నెలలు వాడకుండా ఉంటే లోపల పొర కడుతుంది, మొదటిసారి పంపేటప్పుడు వోల్టేజి దిగ్గున పడుతుంది. పక్కన తక్కువ లీకేజీ ఉన్న 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, రేడియో పవర్ 14 డీబీఎంకి దించితే ఆ బాధ తగ్గుతుంది. ఛార్జ్ చేసే సెల్ కాదు, పొరపాటున కూడా ఛార్జర్‌లో పెట్టకూడదు, పేలుతుంది. చూడ్డానికి మామూలు ఏఏ సెల్‌లాగే ఉంటుంది కాబట్టి తెచ్చిన ఈ సెల్స్ మీద ఎర్ర టేపు చుట్టి విడి డబ్బాలో పెట్టండి. నిచ్చెనెక్కే కుర్రాడికి ఆ టేపు ఎందుకో చెప్పండి.